ఒంటికి అతికించే ప్యాచ్‌కు ప్రింటెడ్ బ్యాటరీ సరిపోతుందా?

జ్వరం చూసే ప్యాచ్‌లో బటన్ సెల్ ఒరుసుకుంటోందనీ, బదులుగా వంగే ప్రింటెడ్ బ్యాటరీ పెడితే బ్లూటూత్ నడుస్తుందా, మళ్లీ చార్జ్ చేసుకోవచ్చా అనీ అడిగారు. నడుస్తుంది, కానీ నేరుగా కలిపితే మొండికేస్తుంది. చార్జింగ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

నేను కొంతకాలం ఒక ల్యాబ్‌లో జింకు–మాంగనీస్ డయాక్సైడ్ సెల్స్ ప్రింట్ చేశాను. పని తీరు శుభలేఖల స్క్రీన్ ప్రింటింగే: ఫ్రేముకు బిగించిన జాలీ, సిరాను నెట్టే రబ్బరు పట్టీ (స్క్వీజీ), సిరా. సిరాలో రంగుకు బదులు జింకు పొడి. పలచని ప్లాస్టిక్ షీటు మీద ముందు కార్బన్ పూత, దానిపై ఒక షీటుకు జింకు, ఇంకో షీటుకు మాంగనీస్ డయాక్సైడ్, నడుమ జింక్ క్లోరైడ్ జెల్ పీల్చుకున్న కాగితం, చుట్టూ సీలు. లిథియానికిలా తేమ లేని గది అక్కర్లేదు, మామూలు గాలిలోనే పని జరిగిపోతుంది.

కెపాసిటీ ఎంతని అందరూ అడుగుతారు. ముందు అడగవలసింది అంతర్గత నిరోధం, అంటే బ్యాటరీ తన లోపలే కరెంటుకు పెట్టే అడ్డు. ఒక్కో సెల్ 1.5 వోల్టులు కాబట్టి రెండింటిని వరుసగా కలుపుతారు, 3 వోల్టులు వస్తాయి. ఒక్కోదానికి 60 ఓమ్‌లు ఉన్నాయనుకోండి. బ్లూటూత్ చిప్ సందేశం పంపేటప్పుడు 10 మిల్లీఆంపియర్లు లాగితే 1.2 వోల్టులు లోపలే పోతాయి. చిప్‌కు మిగిలేది 1.8. చాలా చిప్‌లు అక్కడే రీసెట్ అవుతాయి. బ్యాటరీ సగం అరిగాక నిరోధం ఇంకా పెరుగుతుంది. బెంచీ మీద మల్టీమీటరు మాత్రం, అది కరెంటు దాదాపు లాగదు కాబట్టి, నిక్షేపంగా 3 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది! పక్కన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త చార్జ్ దాచి, అడగ్గానే ఇచ్చే చిన్న భాగం) పెట్టండి. సందేశం పంపే ఆ 3 మిల్లీసెకన్ల పల్స్‌ను అదే మోస్తుంది, 0.3 వోల్టుకు మించి పడదు. తర్వాత బ్యాటరీ తీరిగ్గా నింపుకుంటుంది. అయిదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత పంపడానికి ఈ ఏర్పాటు చాలు. ఆగకుండా ఈసీజీ పంపాలంటే దీని జోలికి వెళ్లకండి.

వంచితే పాడవుతుందని భయపడతారు గానీ, మా దగ్గర సెల్ కన్నా ముందు తెగింది దాని చెవులే, అంటే సర్క్యూట్‌కు కలిసే కొసలు. వాటికి సోల్డరింగ్ ఐరన్ తగిలించారో, షీటు ముడుచుకుపోయి పూత లేచిపోతుంది. వెండి కలిసిన వాహక జిగురో, వాహక టేపో వాడి, ఆ అతుకు దగ్గర వంగకుండా చిన్న గట్టి ముక్క వెనక అంటించండి.

అసలు శత్రువు ఎండిపోవడం. ఉత్త ప్లాస్టిక్ షీటు గుండా నీటి ఆవిరి మెల్లగా బయటికి పోతుంది, జెల్ ఎండితే జింకు ఎంత మిగిలినా దండగే. అల్యూమినియం పొర ఉన్న కవరులో సీలు చేసినవే కొనండి, తయారైన తేదీ అడగండి.

ఇక రీచార్జ్. ఈ రకం సెల్‌ను చార్జ్ చేస్తే జింకు సూదుల్లా పెరిగి అవతలి పొరను తాకుతుంది, సెల్ లోపలే షార్టవుతుంది. వెండి ఆక్సైడ్–జింకు రకంలో మంచి పని జరిగింది: శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2020లో చదరపు సెంటీమీటరుకు 54 మిల్లీఆంపియర్ అవర్లు ఇచ్చే, మళ్లీ చార్జ్ అయ్యే ప్రింటెడ్ సెల్ చూపించారు. కానీ వెండి ధర సంగతి తెలిసిందే. అమెరికాలో బ్లూ స్పార్క్ సంస్థ అమ్మిన టెంప్‌ట్రాక్ జ్వరం ప్యాచ్ కూడా వాడి పారేసేదే. మీదీ అలాగే తయారుచేసుకోండి, సెన్సరు బోర్డు మాత్రం ఊడదీసి మళ్లీ వాడుకునేలా పెట్టండి.