పాత కలప రైలు కట్టలను అడవిలో ఎలా గుర్తుపట్టాలి?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న వైట్ మౌంటెన్స్ కొండల్లో పాత కలప రైళ్ల ఆనవాళ్లు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, పటంలో లేని దారులను ఎలా పసిగట్టాలి అని అడిగారు. కొన్నేళ్లుగా శరదృతువు సెలవులన్నీ ఇందుకే ఖర్చు పెడుతున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

మొదటిసారికి లింకన్ వుడ్స్ ట్రెయిల్ అనే నడకదారికే వెళ్లండి. కాంకమాగస్ హైవే పక్కన కారు ఆపి, వేలాడే వంతెన మీదుగా ఏరు దాటితే చాలు, మీ కాళ్ల కింద ఉన్నది ఈస్ట్ బ్రాంచ్ అండ్ లింకన్ రైలు కట్టే. జె. ఇ. హెన్రీ అనే కలప వ్యాపారి వేయించిన ఈ మార్గం మీద 1893 నుంచి 1948 దాకా దుంగల బండ్లు నడిచాయి. దాదాపు మూడు మైళ్లు దారి గీత గీసినట్టు ఉంటుంది. స్లీపర్లు ఇంకా నేలలో కూరుకుపోయి ఉన్నాయి. ఒక్కోదాని మీద అడుగు వేస్తే మరీ పొట్టి అడుగు, ఒకటి వదిలి వేస్తే మరీ చాచిన అడుగు. అరగంటకే విసుగొస్తుంది. ఆ విసుగు నాకెందుకో ఇష్టం.

దాన్ని దాటి లోపలికి వెళితే పెమిగేవాసెట్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవి. అక్కడ సూచిక పలకలు తక్కువ, చెట్లకు రంగు గుర్తులు దాదాపు ఉండవు. అందరూ ఇనుము కోసం చూస్తారు కానీ, నేను చూసేది నేల వాలు. దుంగలు నింపిన బండి బ్రేకులు వేసుకుంటూ దిగాలి కాబట్టి కట్ట ఎక్కడా నిట్టనిలువుగా ఎక్కదు. రాళ్ల మీద రొప్పుతూ ఎక్కుతున్న దారి ఒక్కసారిగా చదునై, కొండవైపు తవ్విన మట్టిని లోయవైపు పోసినట్టు ఓ గట్టు కనిపిస్తే, అది నీళ్లు కోసిన దారి కాదు, మనుషులు వేసిందే. అలాంటి గట్టు వాగు దగ్గరికి రాగానే గోడలా తెగిపోతే అక్కడొక చెక్క వంతెన ఉండేదన్నమాట. బ్లాక్ బ్రూక్ దగ్గర అలాంటి వంతెన దుంగలు ఇంకా నిలబడి ఉన్నాయి. పక్క నుంచి చూడండి, పైకి మాత్రం ఎక్కకండి.

పట్టాలు దొరకవని నిరాశపడకండి. ఒక లోయలో చెట్లు అయిపోగానే వాటిని ఊడదీసి తర్వాతి శాఖా మార్గానికి వేసుకునేవారు. మేకులు మాత్రం మిగిలాయి. ఒకసారి నాచు పట్టిన స్లీపరును వేలితో నొక్కితే తడిసిన రొట్టెలా దిగిపోయింది. చుట్టూ కర్ర అంతా కుళ్లిపోయినా మేకు మాత్రం తల పైకెత్తి, నాటినప్పటి వంపుతోనే నిలబడి ఉంది. దాన్ని అక్కడే వదిలేశాను. జాతీయ అడవిలో చారిత్రక వస్తువులు తీసుకెళ్లడం నేరం. పైగా పాత కూలీల శిబిరాల దగ్గర ఎవరో పొయ్యి తలుపులు, గొడ్డళ్ల తలలు ఏరి ఒక బండ మీద ప్రదర్శనలా పేర్చడం చూశాను. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ఏది ఎక్కడ పడి ఉండేదో ఇక ఎవరికీ తెలియదు.

ఇక నా తప్పు. నవంబరు మొదట్లో ఒక శాఖ కట్ట పట్టుకుని పోతే, ఫర్ చెట్ల మధ్య అది ఉన్నట్టుండి ఆగిపోయింది. అయిపోయిందనుకుని అడ్డదారిన కిందికి దిగాను. నిజానికి అది మలుపు కొస. నిలువు కొండ ఎక్కడానికి బండి ముందుకు వచ్చి ఆగి, మరో పట్టా మీద వెనక్కి నడుస్తూ పైకి పోయేది. కాబట్టి కట్ట తెగినట్టనిపిస్తే వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి నడుస్తూ కొండవైపు చూడండి, రెండో గట్టు దొరకవచ్చు. నేను చూడలేదు. దిగుతుండగానే చీకటి పడింది. గడియారాలు గంట వెనక్కి తిప్పిన ఆ వారంలో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. నెత్తిదీపం కారులో, చలికి చచ్చిన ఫోను జేబులో. ఏటి శబ్దం పట్టుకుని, పడిపోయిన చెట్ల కింద పాకుతూ రెండు గంటలు ఆలస్యంగా బయటపడ్డాను.

ఆకులు రాలాక, మంచు పడకముందు వెళ్లడమే మంచిది, గట్లు అప్పుడే బాగా కనిపిస్తాయి. అయితే అది జింకల వేట కాలం కూడా, నారింజ రంగు చొక్కా తప్పనిసరి. బయలుదేరే ముందు అమెరికా భూగర్భ సర్వే వారి పాత పటాలు ఉచితంగా దింపుకోండి. లైడార్ నేల చిత్రాలు దొరికితే ఇంకా మేలు. లేజరుతో చెట్లను తీసేసి నేలను మాత్రమే చూపిస్తాయి కనుక, అక్కడ నిలబడ్డా కనిపించని కట్ట తెరమీద దారంలా కనిపిస్తుంది. వానలు పడ్డాక ఫ్రాంకోనియా వాగు, లింకన్ వాగు దాటాల్సిన దారులు మాత్రం వద్దు.

పిల్లలు వెంట ఉంటే ఇదంతా మానేసి జీలాండ్ ట్రెయిల్‌కు వెళ్లండి. అదీ హెన్రీ రైలు కట్టే, చాలావరకు చదునుగానే ఉంటుంది. శీతాకాలంలో అక్కడి రోడ్డు మూసేస్తారు, కాబట్టి అంతకు ముందే వెళ్లండి.