పొదరింటికి నట్టు బిగించవచ్చా?

సందేహం: నేను అనువాదాలు చేస్తుంటాను. ఈ మధ్య రెండు పనులు ఒకేసారి వచ్చాయి. ఒకటి తోటల పెంపకం మీద చిన్న పుస్తకం, రెండోది చెక్క కోసే రంపపు యంత్రంతో పాటు ఇచ్చే వాడకం పుస్తకం. రెండింటిలోనూ ‘ఆర్బర్’ అనే ఇంగ్లీషు మాట ఉంది. నిఘంటువు చూస్తే పొదరిల్లు, లతాగృహము, నికుంజము అని ఉండి, ఆ కిందనే ‘ఇరుసు’ అనీ ఉంది. తోటకీ ఇరుసుకీ ఏమిటి చుట్టరికం? తోట పుస్తకంలో పొదరిల్లు అనాలా, పందిరి అనాలా? యంత్రం దగ్గర ఇరుసు సరిపోతుందా? పనిలో పనిగా, ‘పందిరిలో’ ఒప్పా, ‘పందిట్లో’ ఒప్పా?

సమాధానం: చుట్టరికం ఏమీ లేదు. అవి పుట్టుకలో రెండు వేరు మాటలు. తోటలోది లాటిన్‌లో గడ్డికీ మూలికలకీ వాడిన ‘హెర్బా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట్లో దానికి పచ్చిక, మూలికల తోట అనే అర్థం. తర్వాత ముందున్న హకారం రాలిపోయి, చెట్టుకు లాటిన్‌లో ఉన్న ‘ఆర్బర్’ అనే మాట పోలిక దీని రాతకు పట్టుకుంది. యంత్రంలోది నేరుగా ఆ చెట్టు మాటే. చెట్టు కాస్తా మొద్దు, మొద్దు కాస్తా దూలం, దూలం కాస్తా యంత్రం నడుమ ఉండే కడ్డీ అయింది. బ్రిటిష్ వాళ్లు తోటలోదానికి ఒక అక్షరం ఎక్కువ రాస్తారు కాబట్టి వాళ్లకు ఈ తికమక కొంత తక్కువ.

చెట్టు పేరు యంత్రానికి ఎక్కడం మనకేమీ వింత కాదు. మాను అంటే చెట్టే, పాత రూపం మ్రాను. ఏతాం మాను అన్నప్పుడు దానికి ఆకులూ లేవు, వేళ్లూ లేవు. నీళ్లు తోడే పనిముట్టులో పైకీ కిందికీ ఊగే దూలమది. లాటిన్ వాడు నడిచిన దారిలోనే మనవాడూ నడిచాడు, ఒకరినొకరు చూసుకోకుండా.

ఇక తోట మాటలు. నిఘంటువు వీటిని ఒక వరసలో నిలబెడుతుంది గాని, వాటి పక్కన వచ్చే క్రియను చూడండి, వెంటనే విడిపోతాయి. పందిరి వేస్తాం. మంటపం కడతాం. పొదరిల్లు మాత్రం అల్లుకుంటుంది. గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన ఆకులు పరిచినా, తీగను పాకించినా అది పందిరే. పైకప్పు ఉంటుంది, పక్కలు తెరిపిగా ఉంటాయి. తీగ ఎండిపోయినా పందిరి పందిరిగానే మిగులుతుంది. పొదరిల్లు అలా కాదు. పొదరు అంటే పొద. పొదరు, ఇల్లు కలిసి ఉకారసంధితో పొదరిల్లు అయింది. పొద పోతే ఇల్లూ పోయినట్టే.

సంస్కృతంలో కుంజం, నికుంజం అనే మాటలకు అమరకోశమనే పాత నిఘంటువులో అమరసింహుడిచ్చిన వివరణ నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది: ‘లతాదిపిహితోదరే’. తీగలూ అవీ కమ్మేసిన కడుపు గలది అని. గోడలూ కప్పూ గుంజలూ ఏవీ ఎత్తకుండా, లోపలి ఖాళీని చూసి చెప్పాడు. పైగా ఆ మాటలను చెట్టుచేమల వర్గంలో కాక కొండల వర్గంలో పెట్టాడు. అంటే ఆయన దృష్టిలో నికుంజం తోటమాలి పెంచినది కాదు, కొండవాలులో దానంతటది ఏర్పడిన చోటు. మీ తోట పుస్తకంలో నికుంజం అని రాస్తే పాఠకుడు పద్యం మొదలవుతుందనుకుంటాడు, కత్తెరా నీళ్లగొట్టమూ పక్కన పెట్టేస్తాడు. లతాగృహం, లతామండపం కూడా ఆ బాపతే. వదిలేయండి.

మరి పందిరా, పొదరిల్లా? తోటలో వేసే ఆర్బర్ అంటే సాధారణంగా కమాను ఆకారంలో నిలిపిన చట్రం, దానికి పాకించిన తీగలు, లోపల ఒక బల్ల. మొదటి రోజున అది చట్రమే. మూడో ఏటికి చట్రం కనబడదు. ఇంగ్లీషు మాట రెంటికీ సరిపోతుంది, తెలుగు మాట సరిపోదు. కాబట్టి ఒక మాట ఎంచుకుని పుస్తకమంతా దాన్నే తిప్పాలన్న నియమం పెట్టుకోకండి. గుంతలు తీసి నిలబెట్టే అధ్యాయంలో ‘పందిరి వేయండి’ అనండి. తీగ అల్లుకున్నాక లోపల కూర్చునే అధ్యాయంలో ‘పొదరింట్లో’ అనండి. పారిభాషిక పదం ఒకటే ఉండాలని పట్టుబట్టే సంపాదకులుంటారు. వాళ్లకు ‘తీగపందిరి’ ఇచ్చి రాజీ పడవచ్చు, తప్పులేదు. పైకప్పు గట్టిగా ఉండి తీగలతో పనిలేని గెజిబో అయితే అది తోటలో మంటపం. తీగ పాకడానికి నిలువుగా నిలిపిన అల్లిక అయితే తడిక.

‘పొదరిల్లులో’ అని ఈ మధ్య చాలాచోట్ల అచ్చులో చూస్తున్నాను. ఇల్లు ఇంటి అయినట్టే పొదరిల్లు పొదరింటి అవుతుంది. పొదరింట, పొదరింట్లో అనాలి. బహువచనం పొదరిళ్లు. పందిరి కూడా ఇలా మారే మాటే. ఏరు ఏటి అయినట్టు పందిరి పందిటి అవుతుంది, దాన్నుంచి పందిట్లో. బహువచనం పందిళ్లు. ‘పందిరిలో’ అన్నా తప్పు పట్టను, రాతలో స్థిరపడింది. నోటికి మాత్రం పందిట్లోనే వస్తుంది.

రాయలసీమ మాటల్లో చప్పరం వినిపిస్తే అదీ పందిరే, కన్నడంలోనూ ఉంది. కన్నడంలో మన పందిరికి తోబుట్టువు వేరే ఉంది: హందర. మన పాలు, పంది, పువ్వు అక్కడ హాలు, హంది, హూవు అయినట్టే ఇదీ. తమిళంలో పందల్. ఇంగ్లీషులోకి పోయిన ‘పాండాల్’ దాని నుంచి పుట్టిందే. ఆ పాండాల్‌ను తిరిగి తెలుగులోకి తెచ్చుకుని పందిరి బదులు వాడేవాళ్లను చూస్తే మాత్రం నవ్వొస్తుంది.

ఇప్పుడు యంత్రం. ఇరుసు అనగానే ‘ఇరుసున కందెన బెట్టక పరమేశ్వరు బండియైన బారదు’ అన్న సుమతీ శతకం గుర్తొస్తుంది. కందెన ఎందుకు కావాలి? ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, దాని మీద చక్రం తిరుగుతుంది. కొస దగ్గర సీల దిగేసి ఉంటుంది కాబట్టి చక్రం జారిపోదు. ఇరుసు చేసే పని బరువు మోయడం. మీ రంపంలోని కడ్డీ మోటారు శక్తితో తానే తిరుగుతూ బ్లేడును తిప్పుతుంది. అందుకని ఇరుసు అంటే పాఠకుడి మనసులో బొమ్మ తలకిందులవుతుంది.

ఇరుసు బదులు అక్షం అందామా అంటే, అది ఇంకా దూరం. అది గీత, వస్తువు కాదు. భూమికి దాదాపు 23.5 డిగ్రీలు వాలిన అక్షం ఉంది గాని ఇరుసు లేదు.

తానే తిరుగుతూ పని చేసే కడ్డీకి తెలుగులో చక్కని మాట ఉంది: కదురు. రాట్నంలో పెద్ద చక్రం తిరిగితే, దారపు మాల లాగితే, గిర్రున తిరిగేది కదురే. దాని మీదే నూలు కండెగా చుట్టుకుంటుంది. (చెట్టు మొదట్లో ఉండే కుదురు వేరే మాట. అచ్చులో కదురును కుదురు చేసిన ఘనులున్నారు.) పనిముట్టును పట్టుకుని తిరిగే కడ్డీకి ఇంతకంటె దగ్గరి మాట నాకు తోచదు. పారిభాషిక నిఘంటువు కూర్చేవాళ్లయితే తప్పక దీన్ని పరిశీలించాలి.

అయినా మీ పుస్తకంలో కదురు రాయమని చెప్పను. రంపం ముందు నిలబడేవాడు షాఫ్ట్ అంటాడు, బ్లేడు అంటాడు, నట్టు అంటాడు. మొదటిసారి ‘బ్లేడును పట్టుకుని తిరిగే షాఫ్ట్’ అని విప్పి చెప్పి, తర్వాత ‘బ్లేడు షాఫ్ట్’ అని నడిపించండి. నిఘంటువు చూపిన మొదటి అర్థం పట్టుకుని ‘పొదరింటి నట్టు బిగించండి’ అని మాత్రం రాయకండి. ఒక్క సంగతి జాగ్రత్త: చాలా రంపాల్లో తిరిగే ఊపుకు వదులవకుండా ఈ నట్టుకు ఎడమ మర ఉంటుంది. అలాంటి చోట మామూలు నట్టులా ఎడమకు తిప్పితే ఊడదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది. పేరు ఏది పెట్టినా, ఆ కుడిఎడమల వాక్యాన్ని మూలంతో రెండుసార్లు పోల్చి చూసుకోండి.