ప్రోటియోమిక్స్ సదస్సు పెడుతున్న అమ్మాయికి

అమ్మా,

నీ ఫోన్ వచ్చిన రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. నా ల్యాబ్‌లో జెల్ పోయడం నేర్చుకున్న పిల్ల హైదరాబాద్‌లో ప్రోటియోమిక్స్ మీద, అంటే శరీరంలోని ప్రోటీన్లన్నిటినీ కలిపి చదివే శాస్త్రం మీద, మూడు రోజుల సదస్సు నడపబోతోందంటే నాకు అంతకంటే ఏం కావాలి. హాలు, హోటల్, భోజనాల గురించి టెన్షన్ పడుతున్నావు. వాటి సంగతి కూడా రాస్తాను. ముందు నువ్వు పంపిన కార్యక్రమం గురించి చెప్పనివ్వు.

జీవశాస్త్రానికి ఒక రోజు, వైద్యానికి ఒక రోజు అని విడదీశావు. అలా చేయకు. ఆ పద్ధతిలో మొదటి రోజు డాక్టర్లు రారు, రెండో రోజు మాస్ స్పెక్ వాళ్లు, అంటే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రంతో ప్రోటీన్లను గుర్తించేవాళ్లు, ఉండరు. దానికి బదులు ఒక్కో సెషన్‌ను ఒక్కో జబ్బు చుట్టూ అల్లు. గుండెపోటు, క్షయ, షుగర్ వల్ల పాడయ్యే కిడ్నీ, ఇలా. ప్రతి సెషన్‌లో మొదట రోగులను చూసే డాక్టరు పదిహేను నిమిషాలు మాట్లాడాలి. తనకు ఏది తెలియక ఇబ్బంది పడుతున్నాడో అది మాత్రమే చెప్పాలి. ఆ తర్వాతే ల్యాబ్ వాళ్లు. గుండెపోటు సెషన్‌కైతే దారి సులువు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఒక ప్రోటీనేనని క్యాజువాల్టీలో పనిచేసే ప్రతి డాక్టరుకూ తెలుసు. అక్కడి నుంచి మొదలుపెట్టమను.

ఈ రెండు వర్గాలు ఒకరి కష్టం ఒకరు వినడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. రక్తం పంపిస్తే అందులోని ప్రోటీన్లన్నీ చెప్పేస్తారని చాలామంది డాక్టర్లు అనుకుంటారు. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ సుమారు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకో ప్రోటీన్ ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కొద్ది పికోగ్రాములే (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు). అంటే సుమారు వెయ్యి కోట్ల రెట్ల తేడా. ఆ గుట్టలో ఈ రవ్వను వెతకడం ఎంత కష్టమో వాళ్లకు ఎవరో ఒకరు ఓపిగ్గా చెప్పాలి. అలాగే ఆ రక్తం ట్యూబు ఫ్రీజర్‌లోకి చేరేముందు వార్డు బల్ల మీద ఎన్ని గంటలు ఉందో మనవాళ్లు అడగాలి. అది అడగకుండా నెలల తరబడి నడిపిన నమూనాలు నేను చూశాను. చివరికి తేలిన తేడాలు జబ్బువి కావు, ఆలస్యానివి.

ప్రతి సెషన్‌లో ఒక గణాంక నిపుణుడికి చోటివ్వు. ఇది మొహమాటం లేకుండా పట్టుబట్టాల్సిన విషయం. 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అండాశయ క్యాన్సర్ పేపరు నీకు గుర్తుండే ఉంటుంది. రక్తపు సీరంలోని ప్రోటీన్ల తీరు చూసి 50 కేసులకు 50 పట్టుకున్నామన్నారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ గణాంక నిపుణులు ఆ బృందం బయటపెట్టిన డేటాను మళ్లీ విశ్లేషిస్తే, నమూనాలను యంత్రంలో నడిపిన తీరు వల్ల వచ్చిన తేడాలు కూడా అందులో కలిసిపోయాయని తేలింది. డేటా అందరికీ అందుబాటులో పెట్టారు కాబట్టే లోపం దొరికింది. అందుకే డేటాను ప్రైడ్‌లో, అంటే ప్రోటియోమిక్స్ డేటాను అందరికీ అందుబాటులో ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలో, ఎలా పెట్టాలో చూపించే గంట ఒకటి కార్యక్రమంలో ఉంచు.

విద్యార్థుల ప్రసంగాలను ఆఖరి రోజు సాయంత్రానికి నెట్టేశావు. నాకది నచ్చలేదు. ఒక జీవిలోని ప్రోటీన్లన్నిటినీ కలిపి చెప్పే ప్రోటియోమ్ అనే మాటే 1994లో ఇటలీలోని సియెనాలో జరిగిన ఒక సదస్సులో మొదటిసారి వినబడింది. దాన్ని పుట్టించిన మార్క్ విల్కిన్స్ అప్పుడు సిడ్నీలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. ప్రతి సెషన్‌లో ఒక విద్యార్థికి పది నిమిషాలివ్వు. ప్రసంగం అయ్యాక మొదటి ప్రశ్న కూడా విద్యార్థే అడగాలని చైర్‌పర్సన్లకు ముందే చెప్పు. పెద్దవాళ్లు మైకు పట్టుకుంటే పిల్లలకు ఇక అందదు.

విదేశీ వక్తల కోసం డబ్బంతా పోయకు. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన మానవ ప్రోటియోమ్ చిత్తుపటంలో 17,294 జన్యువుల ప్రోటీన్లను గుర్తించారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆ పని చేసింది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్‌ఫర్మాటిక్స్. మన దేశంలోనే వినదగ్గవాళ్లు ఉన్నారు. బయటివాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలిచినా చాలు, కానీ వాళ్ల కాన్ఫరెన్స్ వీసా, ప్రభుత్వ అనుమతుల కాగితాలు ఆరు నెలల ముందే మొదలుపెట్టు.

ప్రభుత్వ గ్రాంటు మంజూరైనా చేతికి రావడం ఆలస్యం కావచ్చు. క్యాటరింగ్ వాళ్లు ఆగరు. రిజిస్ట్రేషన్ డబ్బుతో కనీసం భోజనాలు గడిచేలా లెక్క వేసుకో. ప్రతి బిల్లూ ఆ రోజే ఫైల్లో పెట్టు, గ్రాంటు ఎలా ఖర్చు పెట్టావో చూపించే యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాసేటప్పుడు నన్ను తలుచుకుంటావు. యంత్రాల కంపెనీలకు స్టాళ్లివ్వు, ప్రసంగం కూడా ఇవ్వు, కానీ అది కంపెనీ ప్రసంగమని కార్యక్రమంలో స్పష్టంగా రాయి.

ఇక పోస్టర్లు. ఇక్కడ నేను ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను. ఏ0 సైజు నిలువుగా తెమ్మని పిల్లలందరికీ రాశాం, అంటే 84 సెంటీమీటర్ల వెడల్పు, 119 ఎత్తు. టెంట్ హౌస్ నుంచి వచ్చిన బోర్డులు అడ్డంగా ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో రైల్లో గొట్టాల్లో భద్రంగా తెచ్చుకున్న పోస్టర్లను కింద మడిచి పిన్నులు గుచ్చాం. మడిచిన భాగంలోనే ఫలితాలున్నాయి. ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆర్డర్ ఇచ్చేముందు ఎవరినీ పంపకుండా నేనే టేపు పట్టుకుని వెళ్లి ఉండాల్సింది. నువ్వు వెళ్లు. పోస్టర్లను పై అంతస్తులో పెట్టకు, టీ ఇచ్చే చోటే పెట్టు, మూడు రోజులూ ఉంచు. టీ కప్పు పట్టుకుని నిలబడ్డ డాక్టరు చదవకుండా ఉండలేడు.

సదస్సుకు ముందు రోజు వర్క్‌షాప్‌కు 30 మందికి మించి తీసుకోకు. మాస్ స్పెక్ డేటాను విశ్లేషించే మాక్స్‌క్వాంట్, స్కైలైన్ సాఫ్ట్‌వేర్లు ల్యాప్‌టాప్‌లో వేసుకుని రమ్మని వారం ముందే రాయి. యంత్రం ఇచ్చే ముడి ఫైళ్లు గిగాబైట్లలో ఉంటాయి. అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే వైఫై కూలబడుతుంది, పెన్‌డ్రైవ్‌లలో ఇవ్వు. ఆ ఫైళ్లలో ఏ ప్రోటీన్లున్నాయో వెతికే సెర్చ్ పూర్తవడానికి గంటలు పడుతుంది కాబట్టి ముందే నడిపి ఉంచిన ఫలితాలు కూడా అందులో పెట్టు.

ప్రారంభోత్సవం ఇరవై నిమిషాలు దాటనీయకు. జ్యోతి వెలిగించండి, ఒక్కో శాలువా కప్పండి, అంతే. బిర్యానీ రాత్రికి పెట్టు, మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగన్నంతో సరిపెట్టు, లేకపోతే మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే సెషన్‌లో వక్తకు నిద్రమొహాలే కనిపిస్తాయి.

చివరి గంట ముగింపు సభకు ఇవ్వకు. ఒక్కో బల్ల దగ్గర ఒక డాక్టరు, ఒక మాస్ స్పెక్ మనిషి, ఒక గణాంక నిపుణుడు కూర్చుని, ఏ నమూనాలతో ఏ ప్రశ్న మొదలుపెట్టగలరో ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితాలు నీ దగ్గర ఉంచుకో. మూడు నెలల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి.

మార్చిన కార్యక్రమం ఈ వారంలో పంపించు, చదివి రాస్తాను. బోర్డులు కొలిచిన రోజు కూడా ఒక మాట చెప్పు.

ఆశీస్సులతో,
మీ సర్