39 ఏళ్లకు ఫొటోగ్రఫీ కాలేజీ: చేరాలా, వద్దా?

ప్రశ్న: ప్రొద్దుటూరులో పదహారేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. వయసు 39. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలు కళ్లు మూసుకుని చేసేస్తా. ఈమధ్య నగల షాపులవాళ్లు క్యాటలాగ్ ఫొటోలు అడుగుతున్నారు. హారం తీస్తే బంగారం నల్లనల్లగా వస్తోంది. పద్ధతిగా చదువుకుంటే ఈ తిప్పలుండవని కడపలో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) ఫొటోగ్రఫీలో చేరాలనుకుంటున్నా. ఇంట్లో మాత్రం ‘ఈ వయసులో పిల్లోళ్ల పక్కన కూర్చుంటావా’ అంటున్నారు. చేరమంటారా?

జవాబు: పిల్లోళ్ల పక్కన కూర్చోవడం పెద్ద సమస్య కాదు, వారం రోజుల్లో అలవాటైపోతుంది. అసలు చిక్కు మీ పంచాంగంతో.

బీఎఫ్‌ఏ నాలుగేళ్ల కోర్సు, రోజూ తరగతులుంటాయి. హాజరు 75 శాతం దాటాలి. కార్తీక, మార్గశిర మాసాల్లో మీరు మండపాల దగ్గర ఉంటారు. మొదటి సెమిస్టర్ పరీక్షలు దాదాపు అప్పుడే వస్తాయి. రెండో సెమిస్టర్ పరీక్షలు వైశాఖ ముహూర్తాలతో ఢీకొంటాయి. మీకు తీరిక దొరికేది ఆషాఢం, భాద్రపదం, పుష్యం. ఆ మూడు నెలల కోసం కాలేజీ ఆగదు కదా. పైగా ప్రొద్దుటూరు నుంచి కడపకు యాభై కిలోమీటర్ల పైమాటే, రానూపోనూ రోజులో మూడు గంటలు బస్సుకే పోతాయి. కాబట్టి ఫీజు ఎంతని అడిగేముందు, పోయిన ఏడాది బుకింగ్ డైరీ తీయండి. కాలేజీ రోజుల్లో పడిన ఆర్డర్లకు ఎర్ర సున్నా చుట్టి మొత్తం కూడండి. కోర్సుకు అసలు ఖరీదు ఆ అంకె. ఆ పనిని తమ్ముడో, నమ్మకమైన అసిస్టెంటో నడపగలిగితే సగం తగ్గుతుంది. లేకపోతే నాలుగేళ్లలో మీ కస్టమర్లు పక్క స్టూడియోకు అలవాటుపడిపోతారు.

ప్రవేశం సంగతికొస్తే, కడపలో 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్‌ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ సీట్లు ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇస్తారు. ఇంటర్ సరిపోతుంది. ఆ ఏటి నోటిఫికేషన్‌లో మూడు విషయాలు చూసుకోండి: ఫొటోగ్రఫీ విభాగం ఉందా, వయసు నిబంధన ఏమైనా పెట్టారా, ఏ ఒరిజినల్స్ కావాలి. ఇరవై ఏళ్ల కిందటి ఇంటర్ మార్కుల జాబితా, టీసీ దొరక్క ఆఖరి వారంలో పరుగులు పెట్టేవాళ్లు చాలామంది. ముందే వెతికి పెట్టుకోండి.

అక్కడ కెమెరా బటన్లు నేర్పడమే పని కాదు. బొమ్మలు గీయిస్తారు. రంగులు, కూర్పు, కళల చరిత్ర ఉంటాయి. అన్నిటికన్నా విలువైనది, మీ ఫొటో గోడకు తగిలించి పదిమంది ముందు తప్పులు చెప్పడం. స్టూడియోలో ఆ పని ఎవరూ చేయరు. కస్టమర్ ‘బాగుంది సార్, ముఖం కొంచెం తెల్లగా చేయండి’ అంటాడు, అంతే. డిగ్రీ కాగితం లెక్చరర్ ఉద్యోగం కోసమైతే బీఎఫ్‌ఏ ఒక్కటే చాలదు. 55 శాతం మార్కులతో పీజీ, ఆపైన నెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్ష కావాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు నెట్‌లో గరిష్ఠ వయసు లేకపోవడం మంచిదే, కానీ అప్పటికి మీకు 45 దాటుతుంది.

ఇక మీ హారం. దీనికి నాలుగేళ్లు అక్కర్లేదు, నాలుగు ఆదివారాలు చాలు. మెరుగుపెట్టిన బంగారం అద్దం లాంటిది. చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. మీ స్టూడియో గోడలు, మీ చొక్కా, కెమెరా, అన్నీ ముదురు రంగులోనే ఉంటాయి కాబట్టి బంగారం నల్లబడుతోంది. ఫ్లాష్ పవర్ పెంచితే ఆ నలుపు పోదు, మధ్యలో తెల్ల మచ్చ మాత్రం పడుతుంది. హారం చుట్టూ ట్రేసింగ్ పేపర్‌తో చిన్న గుడారం కట్టి, రెండు లైట్లూ బయటినుంచి పేపరు మీద కొట్టండి. ఇప్పుడు బంగారానికి కనిపించేది తెల్ల పేపరే. అయితే అంతా తెలుపైతే నగ చప్పగా, పసుపు ముద్దలా కనబడుతుంది. అందుకని అంగుళం వెడల్పు నల్ల చార్టు ముక్కలు రెండు పక్కల నిలబెడితే అంచులు తేలతాయి. ఆ ముక్కల్ని అర అంగుళం జరిపితే చాలు, హారం రూపే మారిపోతుంది.

లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ కొంటే మెరుపు పోతుందని షాపులో చెబుతారు. అది గాజు, నీళ్ల మీది మెరుపును తగ్గిస్తుంది, ఒట్టి లోహం మీద పనిచేయదు. ఎర్ర వెల్వెట్ మీద పెట్టి తీస్తే ఆ ఎరుపు బంగారంలోకి దిగుతుంది, ఎడిటింగ్‌లో వదలదు. బూడిద రంగు కార్డుతో వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) పెట్టుకోండి, గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయండి. మొత్తం స్పష్టంగా రావాలని లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్ 22 పెడితే, వెలుగు ఆ సన్న రంధ్రం దగ్గర చెదిరి (దీన్నే డిఫ్రాక్షన్ అంటారు) బొమ్మంతా మసకబడుతుంది. ఎఫ్ 8 లేదా 11 దగ్గర ఆగి, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పది ఫ్రేములు తీసి కంప్యూటర్లో ఒకే ఫొటోగా కలపండి. నగను కాటన్ గ్లవ్స్‌తోనే ముట్టుకోండి. వేలిముద్ర పడితే క్లోజప్‌లో జిడ్డు మరకై కూర్చుంటుంది.

నిర్ణయానికి ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. నెలరోజులు, ఒకటే లైటు. మట్టికుండ, స్టీలు చెంబు, గాజు గ్లాసు, ఈ మూడింటినే ఫొటోలు తీయండి. మట్టికి పక్కవెలుగు కావాలి, అప్పుడే గరుకు తెలుస్తుంది. స్టీలు మీ బంగారం లాగే. గాజుకు వెనకనుంచి వెలుగు పంపితే అంచులు నల్లగా తేలతాయి. నెలాఖరుకు ‘ఇది నేర్చేసుకున్నా’ అనిపిస్తే కాలేజీ వద్దు, ఆషాఢంలో ఏదైనా చిన్న వర్క్‌షాప్ చాలు. అలాకాక చెంబును కెమెరా లేకుండా పెన్సిల్‌తో గీయాలనిపించినా, మీ ఫొటోల్ని ఎవరైనా నిలదీస్తే బాగుండుననిపించినా, ఏడీసెట్ రాయండి. స్టూడియో చూసుకునే మనిషిని మాత్రం ముందే చూసుకోవాలి.

ప్రశ్న: కర్నూలులో పత్రికలకు ఫొటోలు ఇస్తుంటాను. బీఏ చేశాను. వయసు 36, ఓసీ. ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫొటోగ్రఫీ చదవాలని ఉంది.

జవాబు: ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లో వయసు నిబంధన చూసుకోండి. ఎన్‌ఐడీ గాంధీనగర్‌లో ఫొటోగ్రఫీ డిజైన్ ఎం.డిజైన్ కోర్సు ఉంది.  పూణే ఎఫ్‌టీఐఐ (ప్రభుత్వ సినిమా, టీవీ శిక్షణ సంస్థ) సినిమాటోగ్రఫీకి మీ బీఏ పనికొస్తుంది గానీ అది మూడేళ్ల సినిమా చదువు, పత్రికా ఫొటోకు సూటిదారి కాదు. కొండారెడ్డి బురుజునో, పండగ జాతరనో ఒక్కో ఫొటోలో కాదు, పన్నెండు ఫొటోల వరుసగా చెప్పడం సాధన చేయండి. ఎడిటర్లు అడిగేది అదే.

ప్రశ్న: అనంతపురం. 34 ఏళ్లు, గృహిణిని. ఆరు నెలల ప్రైవేటు కోర్సులో చేరాలా, ఆ డబ్బుతో కెమెరా కొనాలా?

జవాబు: కెమెరా తర్వాత కొనొచ్చమ్మా. ముందు కోర్సును పరీక్షించండి. ఒక కెమెరాకు ఎంతమంది విద్యార్థులు? ముగ్గురు దాటితే వద్దు. వారానికి స్టూడియో లైట్లతో ఎన్ని గంటలు? పాత విద్యార్థులు తీసిన ఎడిట్ చేయని ఫైళ్లు చూపిస్తారా? చివరగా, డెమో క్లాసులో ‘ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డచారలెందుకు వస్తాయి’ అని అడగండి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కాబట్టి షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టి చూడాలన్న జవాబు రావాలి. ‘ఖరీదైన కెమెరా కొంటే రావు’ అన్నాడంటే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.