తమ్ముణ్ని ఇంటికి తెచ్చుకుంటున్న మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు బెంగళూరులో ఉద్యోగం మానేసి, తమ్ముణ్ని చూసుకోవడానికి తెనాలి వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేని పిల్లాణ్ని నువ్వొక్కదానివే ఎత్తి దించుతావా అని దిగులు. మా ఇంటి ఆడపిల్ల ఇంత ధైర్యం చేసిందని గర్వం కూడా.

కాగితాల పని నాకంటే నీకే బాగా తెలుసు. స్వావలంబన్ పోర్టల్లో యూడీఐడీ కార్డుకు, అదే వికలాంగుల గుర్తింపు కార్డుకు పెట్టు, సచివాలయంలో సదరం స్లాట్, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల పరీక్షకు తారీఖు, అడుగు, ఆధార్‌లో పేరూ సర్టిఫికెట్లో పేరూ ఒక్కలా ఉండేట్టు చూసుకో. 2024 నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. తమ్ముడికి ఈ రెండింట్లో ఏది వస్తుందో డాక్టర్లు రాసేదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఆ పరీక్ష రోజు గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను, విసుక్కోకు.

మీ చిన్న మామయ్యది కండరాల క్షీణత కదా. సదరం క్యాంపులు కొత్తగా పెట్టిన రోజుల్లో వాణ్ని పరీక్షకు తీసుకెళ్లాం. మీ అమ్మమ్మ తెల్లవారుజామునే లేచి వాడికి తలంటి, ఇస్త్రీ చొక్కా తొడిగి, పౌడర్ రాసి, పెళ్లిచూపులకన్నట్టు తయారుచేసింది. "అన్నం తనే తింటాడా?" అని డాక్టరుగారు అడిగితే "తనే తింటాడండీ" అంది. "బాత్రూముకు?" "గోడ పట్టుకుని వెళ్తాడండీ." అన్నం కలిపి ముద్దలు పెట్టేది ఆవిడే. వాడు గోడ పట్టుకుని నడిచింది అంతకుముందు ఏడాది మాట. నలుగురిలో కొడుకు చేతకానివాడు అనిపించుకోవడం ఆ తల్లి ప్రాణానికి ఒప్పలేదు. మామయ్య తలొంచుకుని కూర్చున్నాడు. సర్టిఫికెట్ మీద వైకల్యం డెబ్భై చిల్లర శాతమని పడింది.

అప్పుడేమీ తెలియలేదు. 2014లో పింఛన్లు పెంచినప్పుడు తెలిసొచ్చింది. 80 శాతం, ఆపైన ఉంటే 1,500, తక్కువైతే 1,000. ఐదొందలే కదా అనుకోకు. పొద్దున ఒక్కపూట వచ్చి వాడికి స్నానం చేయించి వెళ్తానన్న కుర్రాడు నెలకు అడిగింది అంతే. వాణ్ని పెట్టుకోలేక అమ్మమ్మ తనే ఎత్తింది. ఆవిడ నడుము అలాగే పోయింది. మళ్లీ పరీక్షకు వెళ్దామంటే, "అప్పుడు అబద్ధం చెప్పావా అని అడుగుతారే" అని వణికిపోయేది. ఆ తరవాత మంచంలో ఇద్దరయ్యారు, చేసేది మీ అమ్మా నేనూ.

అందుకే చెబుతున్నా, డాక్టర్ల బోర్డు ముందు ఉన్నది దాచకు, లేనిది చేర్చకు. 2025లో దొంగ సర్టిఫికెట్లు ఏరడానికి మళ్లీ పరీక్షలు పెడితే, నిజంగా లేవలేనివాళ్లు కూడా నోటీసులు చూసి హడలిపోయారు. ఎమ్మారై, డిశ్చార్జి కాగితాలు ఒక ఫైల్లో పెట్టు. మూత్రం గొట్టం ఎవరు మారుస్తున్నారో, రాత్రి ఎన్నిసార్లు ఒత్తిగిలిస్తున్నారో వారం ముందు నుంచే నోటుబుక్కులో రాయి. ఇవన్నీ వాడి ఎదుటే చెప్పాల్సి వస్తుంది. ముందురోజే పక్కన కూర్చుని వాడికి చెప్పు, వాడు చెప్పగలిగింది వాణ్నే చెప్పనివ్వు. మామయ్యను ఆ మాట ఎవరూ అడగలేదు.

పింఛను ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. ఆ డబ్బు తమ్ముడిది. కిరాణా పద్దులోనో మీ నాన్న అప్పులోనో కలవనివ్వకు. ముందు గాలి పరుపు కొను. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పుండ్లు పడతాయి. స్పర్శ లేదు కాబట్టి వాడికి నొప్పి తెలియదు, నువ్వే రోజూ నడుమూ మడమలూ చూడాలి. నాకు అన్నిటికన్నా భయం దీనికే. మిగిలింది రాత్రి కాపలాకు వచ్చే మనిషికివ్వు.

ఇక నీ రాజీనామా సంగతి. ఎవర్నడిగి రాశావే? 2016 వికలాంగుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా కావలసినవాళ్లకు సంరక్షకుల భత్యం మాట ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని, చూసుకునే మనిషికే నెలకు 600 ఇచ్చే పథకం పెట్టారు. మన పింఛను మాత్రం తమ్ముడి పేరున వస్తుంది. నువ్వు పగలూ రాత్రీ చేసినా నీకంటూ జీతం రాదు, పీఎఫ్ పడదు. చేతకాదని ఒప్పుకోవడం ఇష్టంలేక అమ్మమ్మ ఎలా అయిందో చూశావుగా. నువ్వూ అదే దారి పట్టావని నా కోపం, తల్లీ. ఇంటి నుంచి పని చేస్తానని అడుగు, లేదంటే జీతంలేని సెలవు అడుగు. ఆ ఉత్తరం ఇంకా నీ దగ్గరే ఉంటే పంపకు.

స్లాట్ తారీఖు రాగానే ఫోన్ చెయ్యి. ముందురోజు సాయంత్రానికి నేను తెనాలిలో ఉంటాను. నీ నోట మాట రాకపోతే డాక్టరుగారికి నేను చెబుతాను.

మీ పెద్దమ్మ