పక్కింటి మార్మన్ జంట టీ ముట్టుకోలేదా? టెన్షన్ వద్దండీ

అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవోలో మీ పక్కింటి కొత్త జంట టీ వద్దన్నారని, సోమవారం భోజనానికి రాలేమన్నారని, మనసులో ఏదో పెట్టుకున్నారేమోనని రాశారు కదా, అదేం కాదండీ. మార్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్లు. 1833 నుంచి వాళ్ల మతంలో ఉన్న ఆరోగ్య నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టకూడదు. గ్రీన్ టీ కూడా టీయే, అదీ వద్దు. మజ్జిగో బాదం పాలో ఇచ్చి చూడండి. మాంసం తింటారు.

సోమవారం సాయంత్రం ఇంటివాళ్ల కోసమే అట్టిపెట్టుకుంటారు, పిల్లలు లేకపోయినా సరే, ఇద్దరే కూర్చుని ప్రార్థన, కాస్త గ్రంథ పఠనం, ఏదో ఒక ఆట. ఆదివారం పిలవాలనుకుంటే నెలలో మొదటిది మామూలుగా ఉపవాసం, మన ఏకాదశిలా పళ్లూ పాలూ కాదు, రెండు పూటలు నీళ్లు కూడా తాగరు, ఆ తిండి ఖర్చు పేదల కోసం ఇచ్చేస్తారు. ఏ ఆదివారమైనా రెస్టారెంట్‌కి మాత్రం రమ్మనకండి, ఆ రోజు కొనుగోళ్లు చాలామంది మానేస్తారు.

నన్నడిగితే శుక్రవారం సాయంత్రం ఇంట్లోనే పెట్టుకోండి. తినేముందు ప్రార్థన ఉంటుంది, ఒక్క నిమిషం ఆగండి. మా ఆయన మొదటిసారి అప్పటికే ముద్ద నోట్లో పెట్టేసుకున్నారు!