ఊదకండి, తుడవండి: పాత వీడియో గేములపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాసెట్టు పెట్టి టీవీలో ఆడే పాత గేముల మీదే వచ్చాయి. వరదలో మునిగిన సెట్టు గురించి వచ్చిన ప్రశ్నకు జవాబు కాస్త పెద్దదైంది. విజయవాడలో ఆ అవసరం ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి దాన్నే ముందు పెట్టాం.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా ఇల్లు మునిగింది. మా అబ్బాయి చిన్నప్పటి టీవీ గేము, దాని క్యాసెట్లు, రెండు రిమోట్లు బురద పట్టాయి. అప్పట్లో పైపైన కడిగి, ఆరబెట్టి, కవర్లో చుట్టి అటకెక్కించాం. ఒకసారి ప్లగ్గు పెట్టి చూడమంటారా?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ప్లగ్గు మాత్రం పెట్టకండమ్మా. నీళ్లలో మునిగినంత మాత్రాన బోర్డు పోదు. తడి బురద ఉండగా కరెంటు పారితే పోతుంది. పక్కపక్కన ఉన్న రెండు రాగి గీతల మధ్య బురద చేరితే 5 వోల్టులు చాలు, ఒక గీత కరిగి తెగిపోవడానికి. మీరు ఇంతవరకూ ఆన్ చేయలేదు కాబట్టి ఆశ ఉంది.

ఆ పాత అడాప్టర్ని వదిలేయండి. దాని లోపలి చుట్టల్లోకి బురద నీరు వెళ్లి ఉంటుంది, పైగా అది 230 వోల్టులకు తగిలించే వస్తువు. దాన్ని బాగుచేసుకోవాలని చూడొద్దు, కొత్తది కొనండి.

చేతులకు గ్లౌజులు వేసుకుని సెట్టు కింది ప్లస్ స్క్రూలు విప్పండి. మూత తీయగానే వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. లోకల్ సెట్లలో వైర్లు సన్నవి, సోల్డరింగ్ దగ్గర ఇట్టే ఊడతాయి. బోర్డును బయటికి తీసి మెత్తటి టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లతో కడగండి. క్యాసెట్టు దూరే స్లాటు లోపల, ఐసీ (నల్లటి చిప్) కాళ్ల మధ్య, బోర్డు వెనకవైపు బురద ఎక్కువగా ఉంటుంది. టీవీకి వైరు వెళ్లే చోట రేకు డబ్బా ఒకటి ఉంటుంది, అదే ఆర్ఎఫ్ మాడ్యులేటర్. దాని మూత కూడా తీసి కడగాలి. చాలామంది దాన్ని మర్చిపోతారు. బయటికి అంతా ఆరినట్టే కనిపిస్తుంది గానీ తడి దాని లోపలే నిలబడి తుప్పు పట్టిస్తుంది.

తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి తొలవండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, యాసిడ్ కలపనిది అయితే చాలు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఆరిపోయాక ఉప్పు మిగులుస్తాయి, ఆ ఉప్పు వానాకాలంలో మళ్లీ తేమ లాగుతుంది. చివరగా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి బ్రష్‌తో అద్దండి. సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. మిగిలిన నీటిని అది వెంట తీసుకుపోతుంది. గాలి ఆడే చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా ఈ పని చేయండి. ఆ పైన నీడలో, ఫ్యాను కింద రెండు రోజులు. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగుతుంది. హెయిర్ డ్రయర్ వేడి గాలికి స్టిక్కర్లు లేస్తాయి.

ఆరాక మల్టీమీటర్ తీసుకోండి. బోర్డు అంచున అల్యూమినియం రేకుకు బిగించిన మూడు కాళ్ల భాగం మీద 7805 అని ఉంటుంది. వచ్చిన 9, 10 వోల్టులను 5కి దించేది అదే. అక్షరాలు మీ వైపు ఉన్నప్పుడు ఎడమ కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండు, కుడిది అవుట్‌పుట్. కరెంటు ఇవ్వకముందు మధ్య కాలికీ కుడి కాలికీ ఓమ్స్ చూడండి. దాదాపు సున్నా వస్తే లోపల షార్టు ఉన్నట్టు, అక్కడితో ఆగి మెకానిక్‌కి చూపించండి. లేదంటే కొత్త అడాప్టర్ పెట్టి, క్యాసెట్టు లేకుండా ఆన్ చేసి కుడి కాలు కొలవండి. 4.75 నుంచి 5.25 లోపు రావాలి. అది సరిగ్గా వచ్చాకే, ఆపి, క్యాసెట్టు పెట్టండి.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు పిన్ను పొలారిటీ, అంటే ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది చూడటం తప్పనిసరి. జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో గేము సెట్టు ఫామికామ్‌కి 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు, మధ్య పిన్ను నెగెటివ్. మన దగ్గర 1990లలో అమ్మిన లోకల్ సెట్లు చాలావరకు దాన్ని చూసి చేసినవే. అయినా మీ సెట్టు అడుగున ముద్రించిన గుర్తు చూసి దాని ప్రకారమే కొనండి. సెగా మెగా డ్రైవ్‌లో అయితే మొదటి మోడల్‌కి మధ్య పిన్ను నెగెటివ్, రెండో మోడల్‌కి పాజిటివ్. ఒకే కంపెనీ కదా అని మార్చి పెట్టకూడదు.

క్యాసెట్లనూ ఇలాగే విప్పి కడగండి. సేవ్ చేసుకునే గేముల్లో బిళ్ల సెల్లు ఉంటుంది, అంటే ఇన్నాళ్లూ ఆ తడిలో కరెంటు పారుతూనే ఉంది. కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి. లోకల్ క్యాసెట్ల బోర్డు మీద ఐసీ బదులు నల్లటి లక్క చుక్క కనిపిస్తుంది. దాని కిందికి నీరు పోయి ఉంటే ఆ క్యాసెట్టుకు వైద్యం లేదు. పైన కాగితం బొమ్మ లేచిపోతుంటే పీకకండి, బటర్ పేపరు వేసి పుస్తకం కింద రెండు రోజులు పెడితే చదునవుతుంది.

ప్రశ్న: క్యాసెట్టు పట్టకపోతే చిన్నప్పుడు ఊది పెట్టేవాళ్లం, వెంటనే వచ్చేది. ఇప్పుడు ఊదొద్దంటున్నారు. అప్పుడెలా పని చేసిందంటారు?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఊదడం వల్ల కాదండీ, తీసి మళ్లీ పెట్టడం వల్ల. సెట్టులోని పిన్నులు క్యాసెట్టు అంచున ఉండే రాగి పట్టీల మీద రాసుకుని, మురికి కొంచెం పక్కకు జరిగి కాంటాక్టు దొరికేది. నోటి తడి మాత్రం ఊదిన ప్రతిసారీ మిగిలి, రాగిని నల్లబరుస్తుంది. చవక క్యాసెట్లకు బంగారు పూత చాలా పలచన కాబట్టి అవి ఇంకా త్వరగా దెబ్బతింటాయి.

ఇయర్ బడ్‌ని 99 శాతం ఐపీఏలో ముంచి, అంచు పట్టీల మీద పైనుంచి కిందికి, రెండు వైపులా రాయండి. అడ్డంగా రాస్తే దూది పోగులు పట్టీల సందుల్లో చిక్కుకుంటాయి. బడ్ తెల్లగా వచ్చేదాకా కొత్త బడ్లతో చేసి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మిగులుతుంది. గరుకు కాగితం పట్టిస్తే పూత ఒక్కసారికే లేచిపోయి, మర్నాటి నుంచే తుప్పు మొదలవుతుంది. పట్టీ మరీ నల్లబడి ఐపీఏకి లొంగకపోతే తెల్ల రబ్బరుతో ఒకటి రెండుసార్లు తేలిగ్గా రుద్ది, ఆ పొడి పోయేలా మళ్లీ ఐపీఏతో తుడవండి.

ప్రశ్న: అమెరికా నుంచి మా బావగారు నింటెండో ఎన్ఈఎస్ పాత సెట్టు తెచ్చారు. 120 వోల్టుల అడాప్టర్‌కి స్టెప్‌డౌన్ (230ని 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి ఆన్ చేస్తే ఎర్ర లైటు ఆగాగి వెలుగుతోంది, బొమ్మ రావట్లేదు. మా పాత క్యాసెట్లు అందులో పట్టట్లేదు కూడా.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: స్టెప్‌డౌన్ పెట్టి మంచి పని చేశారు. ఆ అడాప్టర్ని నేరుగా 230కి తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోయేది. ఈ మోడల్‌కి సులువైన దారి ఇంకొకటి ఉంది. దాని ఒరిజినల్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, 1.3 ఆంపియర్లు. సెట్టు లోపలే ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంది కాబట్టి మన దగ్గర దొరికే 9 వోల్టుల డీసీ, 1.3 ఆంపియర్లు లేదా అంతకు పైబడిన అడాప్టర్ పెట్టొచ్చు, పొలారిటీ ఎటున్నా ఫరవాలేదు. ముందు నుంచి క్యాసెట్టు తోసే ఈ మోడల్‌కి ఉన్న వెసులుబాటు అన్ని సెట్లకూ ఉండదని గుర్తుంచుకోండి. ఏసీ అడాప్టర్ని పొరపాటున కూడా ఫామికామ్‌కో మెగా డ్రైవ్‌కో పెట్టకండి.

లైటు ఆగాగి వెలగడమంటే సెట్టు పోయిందని కాదు. సెట్టులో ఒక లాకౌట్ చిప్, అమెరికా క్యాసెట్టులో దాని జత చిప్ ఉంటాయి. రెండూ మాట్లాడుకోకపోతే సెట్టులోని చిప్ సెకనుకోసారి మెషీన్ని రీసెట్ చేస్తుంది. మాట కలవకపోవడానికి ముఖ్య కారణం మురికి పట్టిన పట్టీలు, లేదా సడలిన 72 పిన్నుల కనెక్టర్. ముందు క్యాసెట్లు శుభ్రం చేయండి. వాటిని విప్పడానికి 3.8 మి.మీ. గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్ కావాలి. సెట్టుకు మాత్రం మామూలు ప్లస్ చాలు. అయినా రాకపోతే కనెక్టర్ ఊడదీసి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, క్యాసెట్టును అందులో పదిసార్లు పెట్టి తీసి, ఇంకోసారి మరిగించి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. పిన్నుల్ని సూదితో పైకి లేపే పని పెట్టుకోకండి, రెండు మూడుసార్లకే విరుగుతాయి. ఆన్‌లైన్లో దొరికే చవక కనెక్టర్లు క్యాసెట్టును పట్టుకుని వదలవు, లాగలేక పట్టీలు గీసుకుపోతాయి. పాతది బాగుపడుతుంటే దాన్నే ఉంచుకోవాలన్నది మా సలహా.

మీ పాత క్యాసెట్లు 60 పిన్నులవి, ఇది 72. కన్వర్టర్ దొరుకుతుంది, కానీ అందులో లాకౌట్ చిప్ ఉన్నదే కొనాలి. లేకపోతే మళ్లీ అదే ఎర్ర లైటు.

ప్రశ్న: బాతుల్ని కాల్చే తుపాకీ కొత్త ఎల్ఈడీ టీవీలో ఒక్కసారి కూడా తగలట్లేదు. తుపాకీ పాడైందా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పాడై ఉండకపోవచ్చు. తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు, అదే టీవీ వెలుగును చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక ఫ్రేము నల్లగా అవుతుంది, తర్వాతి ఫ్రేములో బాతు ఉన్న చోట తెల్ల చతురస్రం వస్తుంది. ఫ్రేము అంటే సెకనులో 50వ లేదా 60వ వంతు. సరిగ్గా ఆ క్షణంలోనే వెలుగు కనపడాలి. కొత్త టీవీ బొమ్మను లోపల సరిదిద్దుకుని ఆలస్యంగా చూపిస్తుంది. పైగా గొట్టం టీవీ గీతలు గీసే వేగానికి వచ్చే మిణుకునే తుపాకీలోని సర్క్యూట్ గుర్తుపడుతుంది, ఎల్ఈడీలో ఆ మిణుకు లేదు. సెట్టింగులు మార్చితే తీరే సమస్య కాదిది.

14 లేదా 21 అంగుళాల గొట్టం టీవీ సంపాదించుకోండి. కొనేముందు మీ సెట్టు తీసుకెళ్లి తగిలించి, అరగంట ఆన్‌లో ఉంచి, రంగులు మూలల్లో చెదురుతున్నాయేమో చూడండి. దాని వెనక మూత మాత్రం మీరు తీయొద్దు. పిక్చర్ ట్యూబులో 20 వేల వోల్టుల పైచిలుకు ఉంటుంది, ఆపేశాక కూడా కొంత నిలిచి ఉంటుంది.

ప్రశ్న: గేమ్ బాయ్ క్యాసెట్టులో సేవ్ నిలవట్లేదు. సెల్లు మార్చొచ్చా? ఇంకో సంగతి, 9999 గేముల క్యాసెట్టు అరుదైనదని ఎక్కువ ధర చెబుతున్నారు, కొనొచ్చా?
– ఒక పాఠకుడు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మార్చొచ్చు. సెల్లు మీద నంబరు చదివి అదే తెండి. గడియారం ఉన్న పోకెమాన్ గోల్డ్, సిల్వర్ లాంటి వాటిలో సీఆర్ 2025 ఉంటుంది, ఆ గడియారం వల్లే అవి త్వరగా అయిపోతాయి. ముందే రెండు రేకు చెవులు వెల్డింగ్ చేసి వచ్చిన సెల్లు కొనండి. మామూలు సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి పగలొచ్చు. పాత సెల్లు తీయగానే అందులో సేవ్ అయినదంతా పోతుంది. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే క్యాసెట్టును చదివే కార్ట్ రీడర్‌తో ముందు కంప్యూటర్లోకి దించుకోండి.

9999 క్యాసెట్టు అరుదైనది కాదు. అందులో ఉన్నవి కొద్ది గేములే, వాటినే వేర్వేరు లెవెళ్ల నుంచి మొదలుపెట్టి కొత్త పేర్లతో లెక్క పెంచారు. ఆడుకోవడానికి కొనండి, సేకరణ ధర పెట్టకండి. గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లలో నకిలీలు ఎక్కువ కాబట్టి రెండు గుర్తులు చూసుకోండి. అసలుదానిలో పట్టీలకు కాస్త పైన బోర్డు మీద నింటెండో పేరు ఉంటుంది. లేబుల్ మీద రెండంకెలు నొక్కిన గుర్తు వెలుగులో వాల్చి చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: బూడిద రంగు సెట్టు పసుపెక్కింది. ఎండలో పెరాక్సైడ్ పూస్తే పోతుందట కదా? దాచడానికి బీరువాలో కలరా ఉండలు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: పోతుంది, కానీ కొన్నేళ్లకు మళ్లీ వస్తుంది. 12 శాతం పెరాక్సైడ్ క్రీము పూసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఎండలో పెడతారు. గుంటూరు మే నెల ఎండకు క్రీము గంటలోపే ఆరిపోయి తెల్ల చారలు పడతాయి, అవి ఇక పోవు. చేసి తీరాలంటే డిసెంబరు, జనవరి ఎండలో, బోర్డు తీసేసి ఖాళీ పెంకుకే, అరగంటకోసారి క్రీము సరిచేస్తూ, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. స్టిక్కరు ఉన్న క్యాసెట్టు జోలికి పోవద్దు. పసుపు వల్ల సెట్టు పనితనానికి లోటేమీ లేదు కాబట్టి, మా మటుకు అలాగే ఉంచమంటాం.

కలరా ఉండలు వద్దే వద్దు. కొన్ని రకాల్లో ఉండే పారాడైక్లోరోబెంజీన్ ఆవిరికి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు వేయించి తేమ పోగొట్టాలో తెలుస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో పదిహేను రోజులకోసారి చూడండి. రిమోటు వైరును సెట్టుకు చుట్టి దాచకండి, వైరు పైతొడుగులోని నూనె ప్లాస్టిక్‌లోకి దిగి గాడి పడుతుంది. రబ్బరు బ్యాండ్లు వేసవికి కరిగి అంటుకుంటాయి. వైరును విడిగా, వదులుగా చుట్టి కాగితంలో పెట్టండి. డబ్బాను అటక మీద కాకుండా గది లోపలి గోడవైపు, నేలకు రెండడుగుల ఎత్తున ఉంచండి.